పాత తెర – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత సినిమాల నటీనటులలో మీకు అత్యంత ఇష్టులెవరో కారణంతో సహా రాయమని గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాలలో పొగడ్తలకు కొదవ లేదు గాని, వాటిలో సగానికి పైగా బిరుదులతో మొదలై బిరుదులతోనే ముగిశాయి. ఫలానా సన్నివేశంలో ఫలానా పని చేశారు కాబట్టి ఇష్టమని రాసిన ఉత్తరాలకే ఈసారి చోటిచ్చాము. వాటితో పాటు కొన్ని చిక్కు ప్రశ్నలూ ఉన్నాయి.

ప్రశ్న: సావిత్రి గారి గురించి ఎవరు రాసినా కన్నీటి సన్నివేశాలనే తలచుకుంటారు. నాకు మాత్రం ఆమె నవ్వించిన చోట్లే ఎక్కువ ఇష్టం. హాస్యం కోసం మహానటిని అభిమానిస్తే ఆమె స్థాయిని తగ్గించినట్టవుతుందా?

జవాబు: ఎంతమాత్రం కాదు. పైగా, ఆమె పనితనం ఎంతటిదో తెలుసుకోవడానికి మీరు సరైన చోటనే చూస్తున్నారు. 'మాయాబజార్' (1957)లో ఆమెది ద్విపాత్రాభినయం అంటారు గాని, మా లెక్కలో ఆమె మోసినవి మూడు బరువులు. మొదటిది అసలు శశిరేఖ. రెండోది శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడు. మూడోది, చుట్టూ నలుగురూ ఉన్నప్పుడు శశిరేఖలా మసలుకోవలసి వచ్చి, ఆ ఆడతనం చేతకాక తడబడే ఘటోత్కచుడు. హాస్యమంతా ఈ మూడో అంచెలోనే ఉంది. ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు భుజాలు విరుచుకుని నిలబడే ఠీవిని అనుకరించి ఊరుకుంటే అది మంచి మిమిక్రీ అయ్యేది. సావిత్రి అంతటితో ఆగక, ఆ రాక్షసుడు ఒక సుకుమారి దేహంలో ఇరుక్కుని ఎంత అవస్థ పడుతున్నాడో, అదే సమయంలో ఆ అవస్థను ఎంత సరదాగా అనుభవిస్తున్నాడో రెండూ చూపించారు.

'అహ నా పెళ్ళియంట' పాటను ఈసారి పాట కోసం కాకుండా ఆమె మెడ కోసం చూడండి. ఆ పాటలో పి. సుశీల గొంతు సాగుతూ ఉండగా, లోపలి ఘటోత్కచుడు బయటపడే చోట ఘంటసాల గొంతు వచ్చి పడుతుంది. గొంతు మారీ మారకముందే సావిత్రి మెడ బిగుసుకుంటుంది, భుజాలు వెడల్పవుతాయి, అడుగు బరువెక్కుతుంది. మరుక్షణమే మళ్ళీ పెళ్ళికూతురి సిగ్గు ముంచుకొస్తుంది. ఇద్దరు గాయకుల గొంతులను ఒకే శరీరంలో ఇముడ్చుకుని, ఎక్కడా అతుకు కనబడనివ్వకపోవడం అంత సులువైన పని కాదు.

'మిస్సమ్మ' (1955) సంగతి మరోలా ఉంటుంది. మొదట భానుమతి చేయవలసిన ఆ పాత్ర సావిత్రికి దక్కింది, సావిత్రి చేయవలసిన పాత్ర జమునకు వెళ్ళింది. అందులో మేరీ నవ్వించడానికి ప్రయత్నించే మనిషే కాదు. ఉద్యోగం కోసం మరొకరి భార్యగా నటించవలసి వచ్చిన అమ్మాయికి అడుగడుగునా కలిగే చిరాకును సావిత్రి ఎంత నిజాయితీగా చూపితే మనకు అంత నవ్వు వస్తుంది. నవ్వించాలన్న ఆత్రం ఒక్క చోటైనా కనబడి ఉంటే ఆ పాత్ర తేలిపోయేది.

ప్రశ్న: నాయకుణ్ణి వదిలి ప్రతినాయకుణ్ణి అభిమానించడం విడ్డూరమని మిత్రులు నన్ను ఆటపట్టిస్తారు. ఎస్.వి. రంగారావు గారు తెర మీద ఉంటే నా కంటికి ఇంకెవరూ ఆనరు. మీరేమంటారు?

జవాబు: మీ మిత్రులను ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: ఘటోత్కచుడు ఏ లెక్కన ప్రతినాయకుడు? 'బంగారు పాప'లో అనాథ శిశువును చేరదీసి, ఆ బిడ్డ వల్ల తానే మనిషిగా మారిన కోటయ్య ఏ లెక్కన ప్రతినాయకుడు? రంగారావును ఒక గూటిలో కూర్చోబెట్టడం కుదరదు.

అయితే దుష్టపాత్రలలో ఆయన చేసిన పని ప్రత్యేకమైనదన్న మాట నిజమే. 'పాతాళభైరవి' (1951) విడుదలైన నాటికి, అంతకు ముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసి వచ్చిన ఈ నటుడికి 33 ఏళ్ళు కూడా నిండలేదు. కాని ఆ నేపాళ మాంత్రికుణ్ణి చూస్తే ఎన్నో తరాల క్షుద్రవిద్య ఒంట బట్టిన ముసలివాడిలా అనిపిస్తాడు. అతడు ఎక్కడా తొందరపడడు. 'డింభకా' అన్న ఒక్క పిలుపులోనే ఎదుటివాడి మీద వాత్సల్యం, వెటకారం, వాణ్ణి బలి ఇవ్వబోతున్నానన్న లోపలి సంతోషం కలగలిసి వినిపిస్తాయి. 'నర్తనశాల' (1963)లోని కీచకుడు ఇందుకు పూర్తిగా భిన్నం. మాంత్రికుడు తనను తాను అదుపులో పెట్టుకున్నవాడైతే, కీచకుడు అదుపు తప్పుతున్నవాడు. సైరంధ్రి మీద చూపు పడిన తరువాత మాట కంటే ముందుగా ఊపిరి మారుతుంది, కన్ను బరువెక్కుతుంది, నడకలోకి ఏదో మైకం వస్తుంది. ఆ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. ఆయన ప్రతిభకు తగిన పురస్కారాలు స్వదేశంలో ఎన్ని దక్కాయన్నది మాత్రం మమ్మల్ని అడగకండి. ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెప్పలేము.

ప్రశ్న: ఎన్.టి. రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు – ఇద్దరిలో ఎవరు గొప్ప నటులు? దాటవేయకుండా చెప్పండి.

జవాబు: దాటవేయకుండానే చెబుతున్నాము: ప్రశ్నే తప్పు. కిరీటం పెట్టుకుంటే రామారావుకు సాటి రాగలవారు లేరు, 'దేవదాసు' (1953)లో సగం మూసుకున్న కళ్ళతో నాగేశ్వరరావు పలికించిన ఓటమిని మరొకరు పలికించలేరు. పోలిక తప్పదనుకుంటే 'గుండమ్మ కథ' (1962) చూడండి. అప్పటికే తెలుగు ప్రేక్షకులకు సాక్షాత్తు శ్రీకృష్ణుడైన నటుడు, తన నూరవ చిత్రంలో నిక్కరు తొడుక్కుని పనివాడి వేషంలో రుబ్బురోలు ముందు కూర్చుని పాట పాడాడు. ఆ ధైర్యానికి మాత్రం మేమొక మార్కు ఎక్కువ వేస్తాము.

ప్రశ్న: భానుమతి గారిని నేను 'మంగమ్మగారి మనవడు' (1984)లో బామ్మగానే చూశాను. మా పెద్దలు ఆమె పేరు చెప్పగానే ఎందుకంత పరవశించిపోతారో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 'మల్లీశ్వరి' (1951)తో మొదలుపెట్టండి. వానకు ఆగిన సత్రంలో బావ నాగరాజు ఎదుట మల్లి ఆడిపాడుతుంది, మారువేషంలో ఉన్న రాయలవారు ఆమెను చూస్తారు, నాగరాజు వేళాకోళానికి మల్లికి పల్లకి పంపమంటాడు. ఆ పరిహాసమే తరువాత వారిద్దరినీ విడదీస్తుంది. ఆ సత్రంలో భానుమతి ముఖం మీద కనిపించే అతిశయాన్ని గమనించండి. తన పాట గొప్పదని తనకు తెలిసిన పిల్ల అతిశయం అది, నిజంగా పాడుతున్నది ఆమే కాబట్టి ఆ అతిశయానికి ఎరువు తెచ్చుకున్న గొంతు అవసరం లేకపోయింది. ఇతర నటీమణుల విషయంలో పాటను ఒకరికి, ముఖాన్ని మరొకరికి పంచి మెచ్చుకుంటాము. ఇక్కడ ఆ పంపకం అక్కరలేదు. తరువాత 'స్వర్గసీమ' (1945)కు వెనక్కి వెళ్ళి 'ఓహో పావురమా' వింటే, ఇరవై ఏళ్ళు నిండకముందే ఆమె ఎంత జంకు లేకుండా తెరను తన అధీనంలోకి తెచ్చుకున్నారో తెలుస్తుంది. ఆమె 1953లో 'చండీరాణి'ని మూడు భాషలలో తీసి, దర్శకత్వం కూడా తానే వహించారు. కథలు రాశారు. మీ పెద్దల పరవశంలో కొంత భయభక్తులు కూడా కలిసి ఉంటే ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: కోడళ్ళను రాచిరంపాన పెట్టే సూర్యకాంతం గారికి నేను వీరాభిమానిని. ఇది చెప్పుకోదగిన సంగతేనా?

జవాబు: నిర్భయంగా చెప్పుకోండి. ఇద్దరు అగ్రనాయకులు, సావిత్రి, జమున, రంగారావు ఉన్న 'గుండమ్మ కథ'కు ఆమె పాత్ర పేరే పెట్టారంటే అంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంటుంది? ఆమె గయ్యాళితనంలో ఒక కిటుకు ఉంది. ఎడమ చెయ్యి తిప్పుతూ మాటలు దొర్లించే వేగంలో ఎదుటివాడికి ఊపిరి సలపదు, కాని ఎవరైనా రెండు తియ్యని మాటలు చెబితే చాలు, అదే ముఖం అమాయకంగా విప్పారుతుంది. గుండమ్మ ఎంత గడుసుదో అంత తేలికగా మోసపోతుంది. అందుకే ప్రేక్షకుడు ఆమెను తిట్టుకుంటూనే, ఆమె ఓడిపోయినప్పుడు జాలిపడతాడు. ఆమె ధాటికి జడిసి ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారన్న మాట వాడుకలో ఉంది. నటికి అదీ ఒక సన్మానమే.

ప్రశ్న: నలుపు తెలుపు సినిమా అనగానే మా అమ్మాయి లేచి వెళ్ళిపోతుంది. రంగులద్దిన 'మాయాబజార్' చూపించమంటారా?

జవాబు: 2010లో వచ్చిన ఆ రంగుల ప్రతి చూస్తూ కూర్చుంటానంటే అడ్డు చెప్పకండి. మా మటుకు మాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన 'లాహిరి లాహిరి' పాటలోని వెన్నెల నలుపు తెలుపులోనే వెన్నెలలా ఉంటుంది. మొత్తం సినిమా చూపించాలన్న పట్టుదల వదిలి, మాయా శశిరేఖ పెళ్ళిపీటల మీద కూర్చుని పెళ్ళికొడుకు రేలంగిని హడలగొట్టే ఘట్టం ఒక్కటే పెట్టి చూడండి. మిగతాది తానే అడుగుతుంది.

ప్రశ్న: గుమ్మడి వెంకటేశ్వరరావు గారు అసలు యువకుడిగా ఎప్పుడున్నారు? ఏ సినిమాలో చూసినా తండ్రీ, అన్నగారూ, జమీందారూ.

జవాబు: తండ్రి వేషాలు వేస్తున్నప్పుడే ఆయన యువకుడు. గుమ్మడి 1927లో పుట్టారు, రామారావు 1923లో పుట్టారు. నాగేశ్వరరావు కూడా గుమ్మడి కంటే పెద్దవారే. అయినా 'అర్ధాంగి' (1955)లో నాగేశ్వరరావుకు గుమ్మడి తండ్రి. 'మాయాబజార్' వచ్చేనాటికి ఆయనకు 30 ఏళ్ళు నిండలేదు, అందులో ఆయన సావిత్రికి తండ్రి, తనకంటే నాలుగేళ్ళు పెద్దయిన రామారావుకు అన్నగారు. నెరిసిన జుట్టు మేకప్ వారి పని కావచ్చు గాని, బలరాముడి ముక్కోపమూ, ఎవరు పొగిడినా ఇట్టే కరిగిపోయే ఆ పెద్దరికమూ మేకప్ పెట్టెలో దొరికేవి కావు. ఆ సినిమాలో అన్నదమ్ములు ఎదురుబొదురుగా నిలబడే సన్నివేశాలను ఈ వయసుల లెక్క మనసులో పెట్టుకుని మరొక్కసారి చూడండి. గుమ్మడి కోపగించుకునే తీరులోనూ, రామారావు అన్నగారి ముందు ఒదిగి నవ్వే తీరులోనూ ఆ నాలుగేళ్ళ తేడా ఎక్కడైనా పట్టుబడితే మాకు రాయండి.