కార్క్‌లో కాపురం పెట్టబోయే అమ్మాయికి

చి. ల. సౌ. సుధకు పిన్ని ఆశీస్సులు.

వచ్చే నెలాఖరుకి ఐర్లండ్‌లోని కార్క్ చేరతామని రాశావు. పెట్టెల్లో ఏం సర్దుకోవాలో చెప్పమన్నావు. పెట్టెల సంగతి చివర్లో చెబుతాను, ముందు తడి సంగతి వినాలి. ఆ ఊరి పేరే ఐరిష్ భాషలో చిత్తడి నేల అనే మాట. లీ నది రెండు పాయలుగా చీలిన చోట, మధ్యనున్న లంక మీద ఊరి నడిబొడ్డు ఉంది. సెయింట్ ప్యాట్రిక్ స్ట్రీట్ అలా వంపు తిరగడానికి కారణం దాని అడుగున ఉన్న పాత నది పాయే. సౌత్ మాల్ అనే వీధిలో కొన్ని పాత ఇళ్లకు గుమ్మం మెట్ల మీద ఎత్తుగా ఉంటుంది, కింద పూర్వం పడవలు ఆగిన తలుపు ఉంటుంది. ఇవి తెలిస్తే ఇల్లు ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

సముద్రపు పోటు, పెద్ద వాన ఒకేసారి వస్తే సౌత్ మాల్, మోరిసన్స్ ఐలండ్ వైపు వీధుల్లోకి నీళ్లు వచ్చిన సందర్భాలున్నాయి. అక్కడ కింది అంతస్తు తీసుకోకు. షాండన్, సండేస్ వెల్, మాంటెనాట్ గుట్టల మీద ఆ భయం లేదు. కానీ అక్కడ ఎక్కుడు నిటారుగా ఉంటుంది, సరుకుల సంచులతో ఒకసారి ఎక్కి చూశాకే మాట ఇవ్వు. ఇంటి ప్రకటనలో బి.ఇ.ఆర్. అని ఒక అక్షరం ఉంటుంది. ఎ1 నుంచి జి దాకా, ఇల్లు వేడిని ఎంత నిలుపుకుంటుందో చెప్పే గుర్తు అది. సి, అంతకంటే మెరుగైనది దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకో. ఎఫ్, జి ఇళ్లలో అద్దె తగ్గిందనుకున్న డబ్బు చలికాలం బిల్లుల్లో పోతుంది.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బీరువా తలుపు తీసి లోపల వాసన చూడు. మంచం వెనక గోడ, కిటికీ చట్రం అడుగు, బాత్రూం పైకప్పు మూలలు చూడు. గది అంతా పాత రంగుండి ఒక్క మూల మాత్రం కొత్త సున్నంలా మెరుస్తుంటే అక్కడ బూజు ఉండి ఉంటుంది. చట్టం ప్రకారం ఒక నెల అడ్వాన్సు అద్దె, ఒక నెల డిపాజిట్ మించి అడగకూడదు. ఇల్లు కళ్లతో చూడకుండా ఎవరికీ డబ్బు పంపకు. తాళం తీసుకున్న రోజే ప్రతి గోడ, ప్రతి మరక ఫోటో తీసి యజమానికి ఈ-మెయిల్ చేసెయ్యి. ఖాళీ చేసే రోజున డిపాజిట్ కాపాడేవి ఆ ఫోటోలే.

ఇక బూజు. అది వాన వల్ల వచ్చే దానికంటే మన వంట, స్నానం, ఆరేసిన బట్టల ఆవిరి వల్ల వచ్చేది ఎక్కువ. ఇడ్లీ కుక్కర్, అన్నం, చారు అన్నీ గంటసేపు ఆవిరి వదులుతాయి. కిటికీలు బిగించుకుంటే ఆ ఆవిరి చల్లని గోడకు తగిలి నీరవుతుంది, పది రోజులకు నల్ల చుక్కలొస్తాయి. గాలిలో తేమ చూపించే చిన్న మీటరు కొనుక్కో. 40 నుంచి 60 మధ్య ఉంటే మంచిది. రోజుల తరబడి 70 దాటితే బూజు ఖాయం. వంట చేస్తున్నంతసేపూ గిన్నెకు మూత, కిటికీ ఒక బెత్తెడు తెరిచి, వంటగది తలుపు మూసి ఉంచు. పొద్దున, సాయంత్రం ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు బార్లా తెరువు. చలిగాలి వస్తోందని గోడకున్న గుండ్రటి గాలి కంతలో గుడ్డలు కుక్కడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు. ఆ కంత ఇంటికి ఊపిరి, గ్యాస్ బాయిలరో పొయ్యో ఉన్న గదిలో మనిషికీ ఊపిరే. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే బొత్తాం నొక్కి చూడు.

బట్టలు హీటరు మీద ఆరెయ్యకు. చిన్న గదిలో స్టాండు పెట్టి, తలుపు మూసి, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ నడిపితే రాత్రికి ఆరిపోతాయి, దాని డబ్బాలో పట్టిన నీళ్లు చూస్తే ఆ తడంతా ఎక్కడికి పోయేదో నీకే తెలుస్తుంది. బీరువాలు బయటి గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. అప్పడాలు, కారం, పప్పుల డబ్బాలు బయటి గోడ అరలో పెట్టకు, మెత్తబడిపోతాయి.

బాత్రూం సంగతి గట్టిగా చెబుతున్నాను. అక్కడ నేలకు నీళ్లు పోయే కన్నం ఉండదు. చాలా ఇళ్లలో టైళ్ల కింద చెక్కే ఉంటుంది. మనలా చెంబుతో నీళ్లు గుమ్మరించి నేల కడిగితే ఆ నీళ్లు చెక్కలోకి దిగి కింది గది పైకప్పున మరకవుతాయి. నీళ్లన్నీ టబ్బులోనే, గాజు తలుపు లోపలే. షవర్ ఆన్ చేసినా వేడినీళ్లు రాలేదంటే పైకప్పు నుంచి వేలాడే తాడు లాగలేదన్నమాట. విద్యుత్ షవర్‌కు అదే స్విచ్చి. ట్యాంకు ఉన్న ఇంట్లో ఇమ్మర్షన్ అనే మీట ఉంటుంది, దానికి సింక్, బాత్ అని రెండు గుర్తులు. సింక్ అంటే ట్యాంకు పై భాగం మాత్రమే కాగుతుంది, గిన్నెలకు చాలు. బాత్ అంటే ట్యాంకంతా. సాధారణంగా మూడు కిలోవాట్ల కాయిల్ అది, గంటకు మూడు యూనిట్లు. ఆపడం మరిచిపోతే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. స్మార్ట్ మీటరు లెక్క పెట్టించుకుంటే సాయంత్రం 5 నుంచి 7 దాకా కరెంటు అన్నిటికన్నా ఖరీదు, రాత్రి 11 తర్వాత చవక. వాషింగ్ మెషీన్, ఇమ్మర్షన్ ఆ వేళలు చూసి పెట్టుకో.

ఆ ట్యాంకు ఉండే అల్మారాని అక్కడ హాట్ ప్రెస్ అంటారు. అల్మారా అంటే వాళ్లకు ప్రెస్. తువ్వాళ్లు ఆరబెట్టుకోవడానికి వాళ్లు వాడతారు, ఇడ్లీ పిండి పులియబెట్టడానికి మనకు దానికంటే మంచి చోటు దొరకదు. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగు గంటలు నానాక గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, గిన్నెలో సగానికే పోసి, కింద పళ్లెం పెట్టి ట్యాంకు పై అరలో ఉంచు. చలికాలంలో 12 నుంచి 14 గంటలు పడుతుంది. హాట్ ప్రెస్ లేని ఫ్లాటైతే ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి పెట్టు. కొత్త ఓవెన్లలో ఎల్‌ఈడీ దీపాలు వెచ్చబడవు, అప్పుడు కింది అరలో మరిగిన నీళ్ల గిన్నె పెట్టి, చల్లారినప్పుడల్లా మార్చు. ఓవెన్‌ని తక్కువ వేడి మీద వెలిగించి ఉంచితే మాత్రం పిండి పులియదు, ఉడుకుతుంది. పెరుగు తోడూ అదే అరలో. తోడుకు లైవ్ కల్చర్ అని రాసి ఉన్న మామూలు యోగర్ట్ వాడాలి. బటర్‌మిల్క్ అని అమ్మేది తోడుకు పనికిరాదు, మజ్జిగ పులుసుకు మాత్రం భేష్. తినే సోడా కావాలంటే బ్రెడ్ సోడా అని అడుగు.

నెయ్యి సంగతిలో నువ్వు అదృష్టవంతురాలివి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న బజారు షాండన్‌లోనే నడిచింది, 1924లో మూతపడింది. ఇప్పుడు అక్కడ వెన్న మ్యూజియం ఉంది, తప్పక చూడు. దుకాణంలో మామూలుగా కనిపించే వెన్నలో ఉప్పుంటుంది, నెయ్యికి అన్‌సాల్టెడ్ అని చూసి తీసుకో. 454 గ్రాముల కట్టకు సుమారు 350 గ్రాముల నెయ్యి వస్తుంది. సన్న సెగ మీద, అడుగు గోధుమ రంగు తిరగగానే దింపు.

కూరలకు, చేపలకు ఇంగ్లిష్ మార్కెట్. 1788 నుంచి ఉన్న కప్పు కింది బజారు అది, ప్రిన్సెస్ స్ట్రీట్ వైపునుంచీ, గ్రాండ్ పరేడ్ వైపునుంచీ లోపలికి వెళ్లొచ్చు. ఆదివారం ఉండదు. చేపను చెప్పకపోతే ముల్లు తీసి పలచగా కోసి ఇచ్చేస్తారు, పులుసులో అది చిదురైపోతుంది. ఎముకతో స్టేక్స్ కావాలని చెప్పి వేలితో అంగుళం మందం చూపించు. తల విడిగా అడుగు. మాకెరెల్ అంటే మన కానాగంతల చుట్టమే, ఎండాకాలంలో తాజాగా వస్తుంది, చింతపండు పులుసుకు దానిని మించింది లేదు. మాంక్‌ఫిష్ గట్టిగా ఉంటుంది, ముక్క విరగదు. హేక్ మెత్తన, పులుసు మరిగాక ఆఖరి అయిదు నిమిషాల్లో వెయ్యాలి. లాంబ్ భుజం ముక్క కుక్కర్‌లో మూడు నాలుగు కూతలకే ఉడుకుతుంది. కొవ్వు సగం తీసెయ్యి, లేకపోతే కూరంతా వాసన.

బంగాళాదుంపల దగ్గర జాగ్రత్త. వాళ్లకు ఉడికితే పిండిపిండిగా పగిలే రకమంటే ప్రాణం. కెర్స్ పింక్, క్వీన్స్ వేపుడుకు వేస్తే మూకుట్లో ముద్దయిపోతాయి. వేపుడుకు చార్లెట్ గానీ బేబీ పొటాటో గానీ తీసుకో. మామూలు రూస్టర్ రకం దుంపల్ని పొడుగ్గా కాకుండా చిన్న చదరపు ముక్కలుగా కోసి, నీళ్లలో కడిగి ఆరనిచ్చి వేయిస్తే ఫరవాలేదు. గోంగూర మీద మనసు పోతే వసంతంలో వచ్చే రూబార్బ్ కొను. ఎర్రటి కాడలే వాడాలి, ఆకు విషం, పారెయ్యి. గ్లాసు కందిపప్పుకు 150 గ్రాముల కాడలు చాలు. పప్పు మెత్తగా ఉడికాకే వెయ్యి, ముందే వేస్తే ఆ పులుపుకు పప్పు బిగుసుకుపోతుంది.

బయట తినడానికి వెళ్తే వేళ ముఖ్యం. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి చాలా వంటగదులు కట్టేస్తాయి. సోమ, మంగళవారాల్లో సెలవు పెట్టే హోటళ్లు ఎక్కువ, ముందే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం భోజనం, లేదా సాయంత్రం త్వరగా తినేవాళ్లకిచ్చే ఎర్లీ బర్డ్ మెనూ తీసుకుంటే అదే వంట తక్కువకు వస్తుంది. ట్యాప్ వాటర్ అని అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు, వాటర్ అని ఊరుకుంటే సీసా బిల్లులో వేస్తారు. టిప్పు పదిశాతం మర్యాద. ఆరుగురు దాటిన బల్లకు సర్వీస్ ఛార్జీ కలిపే చోట్లున్నాయి, బిల్లు చూసుకుని ఇవ్వు. పబ్‌లో చాలాచోట్ల ఎవరూ బల్ల దగ్గరికి రారు, కౌంటర్‌కే వెళ్లి చెప్పాలి.

అల్లుడుగారు శాకాహారి కనుక ఇది ఆయనకు చదివి వినిపించు. వెజిటబుల్ సూప్ అని రాసున్నా కోడి ఎముకల నీళ్లతో కాచి ఉండొచ్చు, స్టాక్ దేనితో చేశారని అడగాలి. చట్టప్రకారం ప్రతి హోటల్లో 14 రకాల అలర్జీ పదార్థాలు రాసి ఉంచాలి, కానీ ఆ పట్టీలో మాంసం ఉండదు, దాన్ని నమ్ముకోకూడదు. కొన్ని చిప్స్ కొట్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బ్లాక్ పుడ్డింగ్ పంది రక్తంతో, వైట్ పుడ్డింగ్ పంది మాంసంతో చేసినవి, పేరు చూసి మిఠాయి అనుకోవద్దు. డ్రిషీన్ కార్క్ వాళ్ల రక్తపు వంటకం. కొల్కానన్, అంటే క్యాబేజీ కలిపిన ఆలూ ముద్ద, సోడా బ్రెడ్, వెన్న ఆయనకు నిశ్చింతగా సరిపోతాయి. పండగ పూట మంచి భోజనం పెట్టించాలంటే లాంకస్టర్ కీ అనే వీధిలో ప్యారడైసో హోటల్ ఉంది, 1993 నుంచి పూర్తి శాకాహారమే. నువ్వు ఆఫీసుకు పులిహోర పట్టుకెళ్లినప్పుడు కూడా జ్ఞాపకం ఉంచుకో: పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుస్తుంది, గోధుమ పడని వాళ్లు అక్కడ ఎక్కువ. ఆవాలు, వేరుశెనగ గురించి కూడా ముందే చెప్పాలి.

డబ్బాలు, ప్లాస్టిక్ సీసాల పానీయాలకు 15 లేదా 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది. నలపకుండా సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగొస్తుంది, నలిపితే మెషీన్ తీసుకోదు. గొడుగు కొనకు, ఆ గాలికి పుల్లలు విరుగుతాయి, టోపీ ఉన్న వాన కోటు కొనుక్కో. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, ఎండ కనిపించిన మధ్యాహ్నం ఇంట్లో కూర్చోకు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం అక్కడి అలవాటు. పొరుగింటావిడ టీ తాగమంటే మొదటిసారి వద్దన్నా ఇంకో రెండుసార్లు అడుగుతుంది, మన వాళ్లలాగే.

ఇప్పుడు పెట్టెలు. భారతదేశం నుంచి పాలతో, మాంసంతో చేసినవి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్ లేనిదే కుదరవు. కరివేపాకు నీడన ఎండబెట్టి పొడి చేసుకో. మిక్సీ తీసుకెళ్లొచ్చు, కరెంటు 230 వోల్టులే, కానీ ప్లగ్ మూడు చదరపు పుల్లలది. విమానాశ్రయంలో అమ్మే పల్చటి అడాప్టర్‌కి పెట్టి మినపపిండి రుబ్బితే అది కాలి వాసనొస్తుంది, 13 ఆంపియర్లు రాసున్నదే కొను.

ఇల్లు ఖాయమవగానే ఎయిర్‌కోడ్, అంటే మన పిన్‌కోడ్ లాంటిది, రాసి పంపు. ఏడక్షరాలుంటుంది, కార్క్ ఊళ్లో టి12తో గానీ టి23తో గానీ మొదలవుతుంది, ఇంటింటికీ వేరు. అది లేకుండా పార్సెల్ వేస్తే తిరుగుతూ ఉంటుంది. కానుకగా 45 యూరోల లోపు విలువైతే పన్ను పడదు, కాబట్టి ఆవకాయ, మాగాయ రెండు పార్సెళ్లుగా వేరువేరు రోజుల్లో వేస్తాను.

ఆశీస్సులతో,
పిన్ని