రొమాంటిక్ యుగపు వర్ణచిత్రాల్లో ఎండిన చెట్టంటే చావేనా?

"ఎండిన ఓక్ చెట్టు గీస్తే చావు, ఫర్ చెట్టు గీస్తే ఆశ... ఇలా పట్టికేమైనా ఉందా?" అని 1800 ప్రాంతపు యూరప్ రొమాంటిక్ చిత్రకళ గురించి ఒకరు అడిగారు. ఉందనుకునే నేనూ మొదలుపెట్టాను.

బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆదివారాలు ఆల్టె నేషనల్ గ్యాలరీకి పోయేవాణ్ణి. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1822లో వేసిన 'ఒంటరి చెట్టు' అక్కడే ఉంది. ఇంటికొచ్చి, ప్రింటు ముందు పెట్టుకుని పెన్సిల్‌తో నకలు తీయబోతే నా కాగితం మీద చింతచెట్టు వచ్చింది! చెయ్యికి ఊళ్లో అలవాటైన గుబురు అదే మరి. ఓక్ కొమ్మ అలా కాదు, మోచెయ్యి వంచినట్టు మలుపు తిరుగుతుంది. మూడోసారి గీస్తుంటే గానీ కంటికి ఆనలేదు: పైకొమ్మలు ఎండిపోయాయి, కిందేమో ఆకులు నిండుగా ఉన్నాయి. మొదలుకు గొర్రెల కాపరి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన 'చావు' అని రాసుకున్న మాట కొట్టేశాను.

ఫ్రీడ్రిష్‌దే 'ఓక్ వనంలో మఠం' (1809-10) సంగతి వేరు. ఆయన సొంతూరు గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి ఎల్డెనా మఠపు శిథిలం, చుట్టూ ఆకుల్లేని ఓక్‌లు, శవపేటిక మోసుకెళ్తున్న సన్యాసులు. చావు ఉంది, కాదనను. కానీ అది చలికాలం. ఆకు లేకపోతే మోడు అనేసుకోవడం మన కంటి అలవాటు. అక్కడ ఒక ఏడాది గడిపి చూడండి, అవే కొమ్మలు మళ్లీ చిగురిస్తాయి. పైగా అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా 1806లో నెపోలియన్ చేతిలో ఓడి ఉంది. ఓక్ అంటే వాళ్లకు జర్మన్ నేల. 1813లో ప్రష్యా పెట్టిన ఇనుప శిలువ అనే సైనిక పతకం మీద ఉన్నవీ ఓక్ ఆకులే. అందుకని ఆ చెట్లలో దేశం బాధ కూడా చూసేవాళ్లున్నారు.

ఏడాదంతా పచ్చగా ఉండే ఫర్ విషయంలో మాత్రం మీ పట్టిక సరే. 'కొండల్లో శిలువ' (1808)లోని పచ్చటి చెట్లు క్రీస్తు మీద ఆశకు గుర్తని ఫ్రీడ్రిషే చెప్పుకున్నాడు. కానీ అదే ఫర్ అడవి ఆయన 1814 చిత్రంలో ఒంటరి ఫ్రెంచి సైనికుణ్ణి మింగేసేలా నిలబడుతుంది.

ఇంగ్లండులో ప్రకృతి చిత్రకారుడు కాన్‌స్టబుల్ దగ్గరికొస్తే గుర్తుల గొడవే లేదు, చెట్టే మనిషి. 1836లో హాంప్‌స్టెడ్ ఉపన్యాసంలో ఒక యాష్ చెట్టు బొమ్మ చూపించి, ఈమె గుండె పగిలి చనిపోయిందన్నాడు. బిచ్చగాళ్లను చట్టప్రకారం శిక్షిస్తామనే బోర్డును దాని ఒంటికి మేకులతో కొట్టారట. ఆ అవమానానికే అన్నట్టు పైకొమ్మలు ఎండడం మొదలైంది. చివరికి బోర్డు నిలిచేంత మొద్దు మిగిల్చి నరికేశారు.