ఉప్పు దిగాకే విత్తనం

అమ్మాయీ,

వెనిస్‌లో జుదెక్కా దీవి మీదున్న పాత మఠం తోటని మీ రెస్టారెంటు వాళ్ళు నీ చేతికిచ్చారని అక్క చెప్పింది. చాలా సంతోషమేసింది. ఫోటోల్లో మట్టి మీద తెల్లటి ఉప్పు పొర చూశాక మాత్రం ఉండబట్టలేక రాస్తున్నాను.

2019 నవంబరు 12న వెనిస్‌లో 187 సెంటీమీటర్ల సముద్రపు పోటు వచ్చింది. ఆ ఉప్పే మిగిలిందో, అడుగు నుంచి పైకి ఊరుతోందో మట్టి పరీక్షలో తేలాలి. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో మన పొలమూ ఇలాగే తెల్లబారింది. మీ తాతయ్య గట్లేసి, కాలవ నీళ్ళు నిలగట్టి, మురుగుకాలవలోకి వదిలేసేవాడు. మళ్ళీ పెట్టేవాడు. ఆ తర్వాతే పచ్చిరొట్ట ఎరువుకి జీలుగు చల్లి కలియదున్నాడు. నీళ్ళు పెట్టడం కంటే అవి బయటికి పోయే దారి ముఖ్యం. అందుకే ముందు పాత తూములు వెతుకు. వారసత్వ కట్టడాల శాఖ అనుమతి లేకుండా గడ్డపార మాత్రం వేయించకు. సోడియం ఎక్కువని తేలితే, దాన్ని మట్టి నుంచి విడిపించే జిప్సం చల్లించి, చలికాలం వానల్ని కడగనివ్వు. తడి నేలని తొక్కనివ్వకు.

ముంగిట్లో రాతి ఒర ఉన్న బావి మన ఊట బావి లాంటిది కాదు. పెద్ద గొయ్యికి బంకమట్టి మెత్తి, ఇసుక నింపి, వాననీటిని వడకట్టి నిలవచేసేవాళ్ళు. ఆ బంకమట్టి పగిలిందంటే ఉప్పునీళ్ళు చేరతాయి. మొక్కలకి పెట్టే ముందు, నీళ్ళలో ఉప్పెంతుందో చూపే ఈసీ మీటరుతో చూడు.

నేను ఇటలీ వెళ్ళిన కొత్తలో ఒక హోటలు తోటలో, ప్రారంభం రోజుకి అందించాలన్న టెన్షన్‌లో లెట్యూస్ నాటించేశాను. పది రోజుల్లో ఆకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడిపోయాయి. ఆ బాధ నీకొద్దు.

బీన్స్ ఉప్పుని ఓర్చుకోవు, మొదటి ఏడాది వాటి జోలికి పోకు. బీట్‌రూట్, ఆస్పరాగస్, మొగ్గల్ని కూరగా తినే ఆర్టిచోక్ కొంత తట్టుకుంటాయి. వెనిస్‌ దగ్గర్లోని సాంత్ ఎరాస్మో దీవి రైతుల్ని అడిగి ఊదారంగు ఆర్టిచోక్ పిలకలు తెచ్చుకో. వసంతంలో నడినెత్తిన వచ్చే తొలి మొగ్గని, పక్క మొగ్గలు బాగా ఊరాలని, లేతగానే కోసేస్తారు. దాన్నే కాస్త్రావూరా అంటారు. సన్నగా తరిగి ఆలివ్ నూనెతో పచ్చిగానే తింటే ఎంత బాగుంటుందో! కానీ మొక్కకి ఒక్కటే వస్తుంది. వంద మొక్కలుంటే వంద మొగ్గలే. మెనూ అచ్చు వేయకముందే మీ చెఫ్‌ని తోటలోకి తీసుకొచ్చి మొక్కలు లెక్కపెట్టించు.

మట్టి రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు. జిప్సం ఎంత వేయాలో చూసి చెబుతాను.

మీ మావయ్య