దావా సంగతి తరువాత, ముందు డాక్టరు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

తమ్ముడిని కొట్టి నేరం ఒప్పించారని, నష్టపరిహారం దావా వేస్తానని రాశావు. వేద్దాం. కానీ దావా రెండు నెలలు ఆగినా చెడిపోదు, ఒంటి మీది దెబ్బలు అన్నాళ్లు ఆగవు. కమిలిన చోటు పచ్చబడి మాయమవుతుంది.

వాడిని కోర్టుకు తెచ్చినప్పుడు మేజిస్ట్రేటు ‘పోలీసులు కొట్టారా?’ అని అడుగుతారు. కొట్టిన కానిస్టేబులే తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. కుర్రాడు అటొకసారి చూసి ‘లేదండి’ అంటాడు. ఆ మాట రికార్డుకెక్కితే ‘అప్పుడెందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వెంటాడుతుంది. కొట్టారని అక్కడే చెప్పమను. వైద్య పరీక్ష కోరుతూ లాయరు చేత పిటిషన్ వేయించు. డాక్టరుకు అరికాళ్లు కూడా చూపించాలి. గుర్తులు కనబడకుండా కొట్టాలనుకునేవారు ఎంచుకునే చోటు అది. నివేదిక నకలు అడిగి తీసుకో, అది వాడి హక్కు.

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెప్పేది అదే. అంతమాత్రాన ధీమా పడకు. వాడి మాట వల్ల ఫలానా వస్తువు దొరికిందని పంచనామా రాస్తే, ఆ మేరకు మాట చెల్లుతుంది. అందుకే నేను ఒప్పుకోలు కాగితం కన్నా ముందు పంచనామా చదువుతాను: ఏ వేళకు రాశారు, పంచులు, అంటే సాక్షులుగా సంతకం పెట్టినవారు, ఎవరు, ఆ స్టేషన్ రాసే ప్రతి కేసులోనూ కనబడే మనుషులేనా?

స్టేషన్ సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని ఇప్పుడే రాతపూర్వకంగా అడుగు. వాటిని 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజే కెమెరా పాడైందని జవాబు రావచ్చు. రానీ, ఆ జవాబూ మనకు పనికొస్తుంది.

ఎస్పీకి ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో పంపు. మానవ హక్కుల కమిషన్‌కైతే ఏడాదిలోపు వెళ్లాలి. ‘దురుసుగా ప్రవర్తించారు’ అని రాశావో, మందలింపుతో తేల్చేస్తారు. నేరం ఒప్పించడానికి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ సెక్షన్ వేసి, తేదీ, వేళ, కొట్టినవారి పేర్లు రాయి.

ఇక దావా. ప్రభుత్వం మీద వేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి. ఏడాది దాటితే కాలదోషం పట్టిందని అవతలి లాయరు లేస్తాడు. ఈలోగా హైకోర్టులో రిట్, అంటే ప్రాథమిక హక్కుకు భంగం కలిగిందని నేరుగా వేసే పిటిషన్, వేయవచ్చు. 1993లో నీలబతి బెహరా కేసులో, కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పించింది. రిట్ వేసినంత మాత్రాన సివిల్ దావా దారి మూసుకుపోదు.

లాయరుగా మాత్రం ఆ స్టేషన్ వాళ్లు సూచించిన మనిషిని పెట్టుకోకు.

మీ మామయ్య