శుక్రకణాలపై పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి తండ్రికి

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మీ అమ్మాయి, శుక్రకణాల పొరలోని ఎంజైములను ఫాస్ఫోరిలేషన్ (ప్రొటీన్‌కు ఫాస్ఫేట్‌ను తగిలించడం) ఎలా నియంత్రిస్తుందనే అంశంపై పీహెచ్‌డీ చేస్తానంటోందనీ, దానికి బదులు ఆరు నెలల ఎంబ్రియాలజీ (సంతాన సాఫల్య ల్యాబ్‌లో అండాలు, పిండాలతో చేసే పని) కోర్సులో చేర్చడం మేలేమో చెప్పమనీ రాశారు. ఉద్యోగం గురించి మీరు రాసింది రెండు వాక్యాలే. ఈ అంశం పేరు నలుగురిలో ఎలా చెప్పుకోవాలి, సంబంధాలు చూసేటప్పుడు ఏమనాలి అన్నదే మిగతా ఉత్తరమంతా. ముందుగా దానికే జవాబు చెబుతాను.

శుక్రకణం కొత్త ప్రొటీన్లను దాదాపుగా తయారు చేసుకోలేదు. ఉన్న ఎంజైములకే ఫాస్ఫేట్‌ను తగిలించి, తొలగించి పని నడుపుకుంటుంది. స్త్రీ శరీరంలో కొంతసేపు గడిపితేగాని దానికి ఫలదీకరణ శక్తి రాదని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా గుర్తించారు. ఆ వ్యవధిలో పొర నుంచి కొలెస్ట్రాల్ తొలగి, బైకార్బనేట్ ప్రభావంతో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, ప్రొటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము చురుకై, చివరకు ఎన్నో ప్రొటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరుతుంది. ఫాస్ఫేట్ చేరిన ప్రొటీన్లను గీతలుగా చూపే పరీక్షను బ్లాట్ అంటారు. ఎలుక శుక్రకణాల బ్లాట్‌లో, ఆ వ్యవధి మొదలైనప్పటి గడిలో ప్రధానంగా కనిపించేది పొరను అంటిపెట్టుకుని ఉండే హెక్సోకైనేజ్ అనే ఎంజైము గీత ఒక్కటే. 90 నిమిషాల గడికి వచ్చేసరికి గీతలు నిచ్చెన మెట్లలా నిండిపోతాయి. మన హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో హామ్‌స్టర్ శుక్రకణాలపై ఇదే కోవలో పరిశోధన జరిగింది. సంతానం లేక కుమిలిపోయే దంపతులకు కారణం చెప్పగలిగే ఈ విద్యలో తల దించుకోవలసినది ఏమీ లేదు. మీ సంకోచాన్ని అమ్మాయి చదువు మీద రుద్దడం తప్పని నిష్ఠూరంగానే చెబుతున్నాను.

ఇక ఆ కోర్సు విషయంలో నాకు గట్టి అనుమానాలున్నాయి. అండాలను, పిండాలను చేత్తో పట్టుకునే నేర్పు ఏళ్ల సాధనతో వచ్చేది. సర్టిఫికెట్ చేతికిచ్చి, ల్యాబ్‌లో దూరంగా నిలబెట్టి చూపించే కోర్సులకు లక్షలు పోసిన పిల్లలను నేను చూశాను. కృత్రిమ సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద వచ్చిన నిబంధనలలో ఎంబ్రియాలజిస్టుకు ఉండవలసిన డిగ్రీ, అనుభవం రాసి ఉన్నాయి. వాటిని చదవకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

పీహెచ్‌డీ అయిదారేళ్లు పట్టవచ్చు, ఆ తర్వాత ఉద్యోగం వరుసలో నిలబడి ఉండదు, అది నిజమే. అయితే జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం అందుతాయి కనుక ఆమె మీకు భారం కాదు. చేరేముందు ఆ గైడ్ దగ్గర ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు విద్యార్థులతో అమ్మాయిని మాట్లాడనివ్వండి. పక్కన మీరు కూర్చోకండి.