శక్తిని పెంచకుండా ఎల్‌హెచ్‌సీ తాకిడులను ఎలా పెంచుతుంది?

సొరంగమూ అయస్కాంతాలూ అవే ఉండగా, జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ (లార్జ్ హాడ్రాన్ కొలైడర్, ప్రోటాన్లను ఢీకొట్టించే భారీ యంత్రం) మునుపటికంటే ఎక్కువ ప్రోటాన్ తాకిడులను ఎలా ఇవ్వగలుగుతోందని మీరు అడిగారు. నేను అక్కడ పనిచేయలేదు కాని, అంతకంటే ఎంతో చిన్నదైన ఒక సింక్రోట్రాన్ (కణాలను వలయంలో వేగంగా తిప్పే యంత్రం) కంట్రోల్ రూమ్‌లో ఆరేళ్లు షిఫ్టులు చేశాను. బీమ్ (కణాల ప్రవాహం) కరెంటును పెంచిన రాత్రుల్లో, కణాలకు శక్తినిచ్చే మా ఆర్‌ఎఫ్ స్టేషన్ తరచూ ట్రిప్ అయి ఆగిపోయేది; మళ్లీ నింపి, కక్ష్యను సరిచేసి, ప్రయోగాలకు అప్పగించేసరికి రెండు గంటలు గడిచేవి. కాస్త తక్కువ కరెంటుతో తెల్లవార్లూ నిలకడగా నడిపిన రోజుల్లోనే పరిశోధకులకు ఎక్కువ డేటా దక్కేది.

ఎల్‌హెచ్‌సీలో ఈ లెక్క మరింత కఠినం. దాదాపు 27 కిలోమీటర్ల వలయంలోకి ప్రోటాన్లను 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఎక్కించి, సుమారు 20 నిమిషాలపాటు శక్తిని పెంచి, బీమ్‌లను సన్నగా కుదించాకే ఢీకొట్టిస్తారు. ఎక్కడైనా బీమ్ నుంచి తప్పిపోయే ప్రోటాన్ల నష్టం హద్దు దాటితే బీమ్‌ను వెంటనే డంప్ చేస్తారు (వలయం బయటకు పంపేస్తారు), పని మొదటికొస్తుంది.

కరెంటుకంటే నిలకడే ముఖ్యమనడానికి 2017 నాకెంతో ఇష్టమైన ఉదాహరణ. 1.9 కెల్విన్ చలిలో ఉండే బీమ్ గొట్టంలోకి కొద్దిగా గాలి చేరి, 16ఎల్2 అనే చోట గడ్డకట్టింది. అక్కడి నష్టాల వల్ల బీమ్ పదే పదే డంప్ కాసాగింది. వలయాన్ని వేడిచేసి శుభ్రం చేయాలంటే నెలలు పడుతుంది కనుక, ఆపరేటర్లు బంచ్‌ల (బీమ్‌లోని ప్రోటాన్ల గుత్తుల) వరుసనే మార్చారు: ఎనిమిది బంచ్‌ల తర్వాత నాలుగు ఖాళీలు. ఆ ఖాళీల వల్ల ఎలక్ట్రాన్ మేఘం (గొట్టంలో పోగై బీమ్‌ను చెదరగొట్టే ఎలక్ట్రాన్ల గుంపు) పెరగలేదు, డంప్‌లు బాగా తగ్గాయి. బంచ్‌ల సంఖ్య 2,556 నుంచి 1,868కి పడిపోయినా, సన్నని బంచ్‌లను వాడి, తాకిడి చోట కుదింపు కొలతైన బీటా స్టార్‌ను 40 సెంటీమీటర్ల నుంచి 30కి దించి ఆ లోటును పూడ్చారు. ఆ ఏడాది లక్ష్యం 45 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లు (మొత్తం తాకిడులకు కొలత) కాగా, సుమారు 50 వచ్చాయి.

దీనికి మూల్యమూ ఉంది. బంచ్‌లు తగ్గి తాకిడులు పెరిగితే రెండు బంచ్‌లు ఎదురై దాటే ప్రతిసారీ జరిగే తాకిడులు ఎక్కువై, డిటెక్టర్లలో జాడలు ఒకదానిపై ఒకటి పడతాయి. అందుకే ప్రతి ఫిల్ (ఒకసారి ప్రోటాన్లను నింపి నడిపే విడత) ఆరంభంలో రెండు బీమ్‌లనూ ఒకదానికొకటి కొద్దిగా పక్కకు జరిపి, తాకిడుల రేటును ప్రయోగాలు తట్టుకోగలిగిన మేరకే ఉంచి, బీమ్ తరుగుతున్నకొద్దీ వాటిని దగ్గరకు చేరుస్తూ వచ్చారు.