సమాధానం: థయోఫీన్ ఎటు పోయింది?

హెచ్-జెడ్‌ఎస్‌ఎమ్-5 అనే సన్నటి రంధ్రాల ఆమ్ల జియోలైట్ మీద, సల్ఫర్ ఉన్న వలయ అణువు థయోఫీన్ పట్టించి, హీలియంలో వేడి చేస్తే పెట్టినదాంట్లో సగం కూడా తిరిగి రాలేదు, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువు చూపే పరికరం) 34 దగ్గర ఏదో పీక్ వచ్చింది, పొడి నల్లబడింది, లీక్ ఉందేమో అన్నారు కదండీ. లీక్ కాకపోవచ్చు. ముందు 33 చూడండి. 34తో పాటు అదీ గట్టిగా లేస్తే హైడ్రోజన్ సల్ఫైడే. గాలి చొరబడితే 32 (ఆక్సిజన్) బాగా పెరుగుతుంది గానీ 33 దాదాపు కనిపించదు.

జరిగేది ఇదీ: రంధ్రాల్లోని ఆమ్ల ప్రోటాన్ థయోఫీన్‌కి అంటుకుంటుంది. అలా చురుకైన అణువు పక్కదాన్ని కలుపుకుని గొలుసు కడుతుంది. ఆ లావుపాటి గొలుసు సుమారు 5.5 ఆంగ్‌స్ట్రాంల దారిలోంచి బయటికి రాలేదు. వేడెక్కాక అక్కడే విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్, చిన్న ఆల్కీన్‌లు వదులుతుంది. మిగిలిన నల్లటి కర్బన మడ్డే మీ కోక్.

అదే జియోలైట్‌ని సోడియం రూపంలోకి మార్చి ఒక్కసారి నడపండి. ప్రోటాన్‌లు లేవు కాబట్టి థయోఫీన్ (84) చాలావరకు చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. ఈ పోలిక లేకుండా ఏం రాసినా రివ్యూయర్ వదలడు లెండి. నల్లపొడిని గాలిలో 550 డిగ్రీల దాకా కాల్చి 64 (సల్ఫర్ డయాక్సైడ్) కూడా కొలవండి, సల్ఫర్ లెక్క అప్పుడు కుదురుతుంది.